నాటినవి, బతికినవి

మూడో అంతస్తు, పటాల విభాగం
జనవరి 9

అక్కా,

కొత్త ఆఫీసులో చేరి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఫోన్ చేస్తే నర్సరీలో మోటారు చప్పుడు మధ్య నువ్వు "ఆఁ? ఏంటీ?" అని అరుస్తావు, నేను చెప్పిందే మళ్లీ చెప్తాను, ఆఖరికి తిన్నావా అని అడిగి పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఎలాగూ నీ మొక్కల లెక్క కాగితం నెలనెలా మా ఆఫీసుకు కవర్లో వస్తుంది కదా. అందులోనే నాకో కాగితం పడేయి.

నా పని ఏంటంటే, మూతపడిన ఓపెన్‌కాస్ట్ గనుల్ని మళ్లీ నేలగా మార్చాలి. గోతులు, గనిలోంచి తవ్వి పోసిన మట్టిగుట్టలు, వాటి మధ్య నిలిచిన నీళ్లు, వీటిలో ముందు ఎక్కడ బాగుచెయ్యాలో ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి పటం గీస్తాం. కూర్చున్న కుర్చీలోంచి కదలక్కర్లేదు. బతికున్న ఆకు మన కంటికి కనబడని ఒక వెలుగును వెనక్కి కొడుతుంది. వట్టి మట్టి అలా కొట్టదు. ఉపగ్రహం ఆ తేడా పట్టేస్తుంది. ఫొటో నిండా చిన్న చిన్న గళ్లుంటాయి, ఒక్కో గడి నేల మీద పది మీటర్లు.

మొదటి రోజే, అందరూ భోజనానికి లేచాక, మీ వీధి వెతికాను. దొరికింది. పడమటి గుట్ట కింద సన్నటి గీతలా ఉంది. మీ ఎనిమిది ఇళ్లూ కలిపి ఆరు గళ్లు, నర్సరీ మీద కట్టిన నీడ వల రెండు గళ్లు. నువ్వు మాత్రం ఎంత వెతికినా కనబడలేదు. ఆ నోరు వినపడే యంత్రం ఇంకా కనిపెట్టలేదట.

ఇక నీ గళ్ల పుస్తకం అటక మీద పెట్టేయొచ్చు. నాటినవి ఇన్ని, బతికినవి ఇన్ని అంటూ నడుం వంచి లెక్కపెట్టే రోజులు పోయాయి. పైనుంచి అన్నీ కనిపిస్తాయి. చిన్నప్పుడు నీ పలక చూసి లెక్కలు రాసుకున్నవాణ్ణి. ఇకమీదట నువ్వే నా పటం చూసి రాసుకోవాలి.

బావను అడిగానని చెప్పు.

చిన్నోడు

---

నర్సరీ షెడ్డు
జనవరి 27

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం మా ఆడవాళ్లు పదకొండు మందికీ చదివి వినిపించాను. మా అందరిలోకీ పెద్దామె ఆకాశం వంక చూసి జుట్టు సర్దుకుంది. మిగతావాళ్లు సంచుల్లో మట్టి నింపడం ఆపేసి, మరి మేస్త్రీ తిట్టేది కూడా కనిపిస్తుందా అని అడిగారు. నీ వల్ల గంట పని పోయింది.

నీ పటం గొప్పలు సరే. మా బాధ విను. మా పెరటి తలుపు పడటం లేదు. మీ బావ రెండుసార్లు చిత్రిక పట్టాడు. అయినా పడదు. చెక్క ఉబ్బింది అన్నాను నేను. కాదట, గోడ కదిలిందట. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ డంపర్ తోలి ఆ గుట్ట పోసింది తనే కదా, దాని సంగతి తనకే తెలుసంటాడు. చివరి రెండేళ్లు వానల్లో కూడా ఆపకుండా బురద మీద రాళ్లు, రాళ్ల మీద బురద పోయించారట. లోపల ఇంకా కుదురుకోలేదు, ఏదో ఒక వానకు కిందికి వస్తుందంటాడు. రోజూ ఈ పాటే. వినలేక చస్తున్నాను.

ఈ ఏడాది డోజర్లు ఒక్క గుట్టకే వస్తాయని ఇక్కడ చెప్పుకుంటున్నారు. మా పడమటి గుట్టకో, లేకపోతే తూర్పు గుట్టకో. తూర్పు గుట్ట కింద పాత రోడ్డు తప్ప పురుగు కూడా లేదు. మా గుట్ట కింద మేమున్నాం. దీనికి ఉపగ్రహం దాకా ఎందుకురా, కళ్లున్నవాడు చాలు. కానీ పటం గీసేది మీరేనట కదా. మా గుట్టను మెట్లు మెట్లుగా కోసి వాలు తగ్గిస్తే మీ బావ ఈ వానాకాలమైనా కంటి నిండా నిద్రపోతాడు. నిన్ను ఇంతవరకు ఏదీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

లెక్క కాగితం జత చేశాను. ఎప్పటిలాగే.

అక్క

---

పటాల విభాగం
మార్చి 6

అక్కా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. నువ్వడిగింది చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మా అక్క వీధి అని చెప్పి పటంలో రంగు మార్చానని రేపెవరైనా అంటే నీకూ నాకూ ముఖం చెల్లదు. నేను చేయగలిగింది ఒక్కటే. పటాన్ని నిజాయితీగా గీస్తాను. మూడు రంగులుంటాయి. కోలుకున్న చోటు ఆకుపచ్చ, మొక్కలు నాటాల్సిన చోటు పసుపు, ముందు వాలు కోసి గట్టిపరచాల్సిన చోటు ఎరుపు. ఎరుపు ఎక్కువున్న గుట్టకే డోజర్లు వెళ్తాయి. మీ గుట్ట నిజంగా బాగోలేకపోతే పటమే చెప్తుంది, నువ్వు నన్ను అడగక్కర్లేదు.

ఒక అనుమానం మాత్రం ఉంది. పోయిన వానల తర్వాతి ఫొటోలో మీ గుట్ట నిండుగా పచ్చగా ఉంది. అంతకుముందు ఎండాకాలం ఫొటోలో బోసిపోయి ఉంది. అడుగున, మీ వీధి వెనకాల, ఒక పచ్చటి పట్టీ మాత్రం మండుటెండలో కూడా పచ్చగానే ఉంది. నువ్వు నాటించిన చెట్లు ఎండాకాలం ఆకు రాలుస్తాయా? అడుగు వరసలో ఏం నాటావు, అంత బాగా పట్టుకుంది?

ఇంకో సంగతి చెప్పాలని ఉంది కానీ చెప్పకూడదు. పని అయ్యేదాకా బయట ఎవరికీ చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. భయపడకు, నీకు సంతోషమైన సంగతే.

చిన్నోడు

---

నర్సరీ షెడ్డు
మార్చి 22

చిన్నోడా,

ఆకాశంలోంచి చూసే మహానుభావుడివి, ఆకు రాల్చేదేదో రాల్చనిదేదో నన్నడుగుతావేంటి? కొన్ని రాలుస్తాయి. అన్నీ కనిపిస్తాయని నువ్వే అన్నావుగా. చూసుకో.

అడుగున నేనేమీ నాటలేదు. అది తుంగ గడ్డి. నీళ్లు దొరికితే ఏదైనా పచ్చగానే ఉంటుంది. మీ బావ మొన్న అక్కడికి వెళ్తే చెప్పు ఊడి మట్టిలో ఉండిపోయింది. వేలుపెట్టి లాగి, కడుక్కుని, ఇంటికొచ్చి ఎండాకాలంలో ఈ తడి ఎక్కడిదని నామీద అరిచాడు. నేనేదో కుండతో పోసొచ్చినట్టు.

నాకిక్కడ ఒళ్లు హూనమైపోతోంది. పోయినేడు నుంచి ట్యాంకరు సరిగ్గా రావడం లేదు. కాంట్రాక్టరు వచ్చినప్పుడల్లా ఒకటే మాట, నూటికి ఎనభై బతక్కపోతే నర్సరీ మూసేస్తారట. మా పెద్దామెకు ఈ కూలి తప్ప ఇంకో దారి లేదు. మిగతావాళ్లదీ అంతే. నువ్వు ఎరుపు, పచ్చ అంటూ రంగులు వేసుకో. నన్ను ప్రశ్నలతో చంపకు.

డోజర్లు ఎప్పుడొస్తాయో తెలిస్తే ఒక ముక్క రాయి. మీ బావ అవి లోపలికి రావడానికి వీలుగా వీధి చివర కంచె ముందే పీకేసి కూర్చున్నాడు.

లెక్క కాగితం జత చేశాను.

అక్క

---

పటాల విభాగం
మే 18

అక్కా,

పటం అయిపోయింది. నిన్న సంతకాలయ్యాయి. ఇప్పుడు చెప్పొచ్చు.

ఉపగ్రహం చూస్తుందే కానీ, బోసిగా ఉన్న చెట్టు చచ్చిందో ఆకు రాల్చిందో దానికి తెలియదు. నేల మీద తిరిగినవాళ్లు చెప్పాలి. ఈ గడిలో బతికున్నాయి, ఈ గడిలో లేవు అని కొన్ని చోట్ల చెప్తే, దాన్నిబట్టి అది మిగతావన్నీ పోల్చుకుంటుంది. అలా చెప్పడానికి నమ్మకమైన లెక్క కావాలి. మా విభాగం పెద్దాయన బీరువా తెరిచి ఒక కట్ట నా చేతిలో పెట్టాడు. పై కాగితం చూడగానే నవ్వొచ్చింది. నీ చేతిరాత! ఖానాలు గీసి, నాటినవి, బతికినవి, కింద నీ సంతకం. నూటికి ఎనభై ఏడు. నెలనెలా ఎనభై ఆరు, ఎనభై ఏడు. రాసేవాళ్లకు తెలిస్తే లెక్క మారుస్తారని ఆ సంగతి బయట చెప్పొద్దంటారు. నీ గురించి వాళ్లకేం తెలుసు?

నిజం చెప్పనా, కంప్యూటరు మొదట మీ గుట్టలో సగానికి పైగా ఎరుపు వేసింది. ఎండాకాలం బోసితనం చూసి భయపడింది. నేను నీ కాగితాలు దగ్గర పెట్టుకుని గడి గడీ సరిచేశాను. ఎనభై ఏడు బతికుంటే అది ఆకు రాలడమే తప్ప ఇంకోటి కాదు. అడుగున పట్టీ అయితే ఏడాది పొడుగునా పచ్చనే. మొత్తం పటంలో మీ పడమటి గుట్ట అంత బాగా కోలుకున్న గుట్ట లేదు. అదంతా నీ చేతి చలవ. పెద్దాయనతో మా అక్కేనని చెప్పేశాను. గర్వంగా ఉండదా మరి.

డోజర్లు తూర్పు గుట్టకు వెళ్తాయి. బావ నిరాశపడతాడేమో. మీ గుట్టకు వాటి అవసరం లేదని, ఇక నిశ్చింతగా పడుకోమని చెప్పు.

చిన్నోడు

---

నర్సరీ షెడ్డు
జూన్ 3

చిన్నోడా,

ఇవాళ పొద్దున నాలుగు డోజర్లు మా వీధి ముందు నుంచే వెళ్లాయి. మీ బావ గేటు దగ్గరికి పరిగెత్తి చెయ్యి ఊపాడు. ఆగలేదు. నీ ఉత్తరం అప్పటికే నా దగ్గరుంది. మీ బావకు చదివి వినిపించలేదు.

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను. ఆ ఎనభై ఏడు అబద్ధం.

పోయినేడు ఏప్రిల్లో ట్యాంకరు ఇరవై రోజులు రాలేదు. అప్పుడే పోయాయి, అన్నీ. గుట్ట మీదికెక్కి ఒక్కో మొక్కనూ గోటితో గీరి చూశాను, లోపల పచ్చి ఉందేమోనని. వందకు తొమ్మిదో పదో. అది రాస్తే నర్సరీకి అదే రోజు తాళం పడేది. పదకొండు మంది వరసగా కూర్చుని సంచులు నింపుతున్నారు. వాళ్ల వంక చూశాను, ఎనభై ఏడని రాశాను. తర్వాతి నెల మళ్లీ రాశాను. నువ్వు వానల తర్వాత చూసిన పచ్చదనమంతా కలుపు.

నువ్వు జనవరిలో రాశావు గుర్తుందా, పైనుంచి అన్నీ కనిపిస్తాయని, నా పుస్తకం అటక మీద పెట్టమని. నమ్మాను. నా కాగితం కాంట్రాక్టరు ఫైలు నింపడానికే అనుకున్నాను. నువ్వు నిజం చూస్తున్నావు కదా, నేనేం రాసినా నష్టం లేదనుకున్నాను. మా గుట్టకు ఎరుపు పడుతుందని ధైర్యంగా ఉన్నాను.

ఏదో ఒకటి చెయ్యి. నన్ను జైల్లో పెట్టించినా సరే, ఆ రంగు మార్పించు. వానలు పది రోజుల్లో ఉన్నాయి.

అక్క

---

పటాల విభాగం
జూన్ 9

అక్కా,

నీ ఉత్తరం మెట్ల మీదే విప్పి రెండుసార్లు చదివాను. నీ మీద కోపం రాలేదు. రావాల్సింది, రాలేదు. కంప్యూటరు సరిగ్గానే చెప్పింది. ఉపగ్రహం సరిగ్గానే చూసింది. ఎండలో పచ్చగా ఉన్న ఆ పట్టీ గుట్ట లోపలి నీళ్లు అడుగున ఊరి బయటికొస్తున్న గుర్తు. మొదటి నెల నేర్చుకునేవాడికి కూడా అది తెలియాలి. నువ్వు తుంగ అన్నావు, చెప్పు ఊడిందన్నావు. రాతపూర్వకంగా చెప్పావు. నేను నీ చేతిరాత చూసి కళ్లు మూసుకున్నాను. చిన్నప్పుడు చేసిన పనే చేశాను అక్కా. నీ పలక చూసి రాసుకున్నాను, లెక్క చేయలేదు.

పెద్దాయన దగ్గరికి ఐదుసార్లు వెళ్లాను. తప్పు నాదని రాసిచ్చాను. చదివి, మడిచి, ఫైల్లో పెట్టాడు. టెండరు అయిపోయిందట. రంగు మార్చాలంటే కొత్త ఫొటో ఆధారం కావాలట. జూన్ ఒకటి నుంచి మీ మీద మబ్బు వీడలేదు. ఫొటో వచ్చినప్పుడల్లా చూస్తున్నాను, ప్రతిసారీ తెల్లటి గళ్లే వస్తున్నాయి. మబ్బు తొలగేది అక్టోబరులో.

ఈ ఉత్తరం అందగానే ఇల్లు వదిలేయండి. సామాను వద్దు. నువ్వూ బావా నా గదికి వచ్చేయండి. రైలు టిక్కెట్లు ఇందులోనే పెట్టాను.

చిన్నోడు

---

ఇంటి దగ్గర
జూలై 2

చిన్నోడా,

టిక్కెట్లు తిరిగి పంపుతున్నాను. కోప్పడకు. నీ గదిలో ఇద్దరికి చోటుంది. ఎనిమిది ఇళ్లను ఎక్కడ సర్దుతావు? అబద్ధం రాసింది నేను. రాసినదాన్ని ముందు లేచి వెళ్లిపోతే ఈ మిగతావాళ్ల మొహం ఎలా చూడను?

మీ బావకు అంతా చెప్పేశాను. కొడతాడేమో అనుకున్నాను, కొట్టలేదు. లేచి వెళ్లి పెరటి తలుపు ఒకసారి తోసి చూశాడు. తర్వాత, "నువ్వు రాసింది మొక్కల లెక్క. గుట్ట పోసింది నేను," అన్నాడు. అంతే. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే పార తీసుకుని గుట్ట అడుక్కి వెళ్తున్నాడు. ఊరే నీళ్లు పక్కకు పోయేలా కాలువ తవ్వుతున్నాడు. తవ్వింది సాయంత్రానికి పూడిపోతోంది. నేను అన్నం తీసుకెళ్తే గట్టు మీద కూర్చుని తిని, మళ్లీ పార పట్టుకుంటాడు.

గని వాళ్ల క్వార్టర్లు పన్నెండు ఖాళీగా ఉన్నాయి. మాకిమ్మని వీధంతా కలిసి గని ఆఫీసుకు వెళ్లాం. గుమాస్తా గోడ మీద మీ పటం చూపించాడు. మీ గుట్ట పచ్చగా ఉందమ్మా, కోలుకున్న గుట్ట కింద ఉన్నవాళ్లకు ఇల్లెలా ఇస్తామన్నాడు. మర్యాదగానే అన్నాడు.

నిజం లెక్క మళ్లీ రాసి అక్కడే ఇచ్చాను. నాటినవి పదకొండు వేల రెండు వందలు, బతికినవి తొమ్మిది వందల ఎనభై. పోయిన నెలతో పొసగడం లేదు, సరిచేసి తెమ్మని వెనక్కిచ్చారు. కాంట్రాక్టరుకు తెలిసి నర్సరీకి తాళం వేశాడు. ఏ కూలి కోసం అబద్ధమాడానో అదీ పోయింది. మా పెద్దామె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

వచ్చే వారం మళ్లీ ఆ కాగితం పట్టుకెళ్తాను. తీసుకునేదాకా అక్కడే నిలబడతాను.

వాన ఆగలేదు.

అక్క

---

పటాల విభాగం
అక్టోబరు 19

అక్కా,

జూలై పదకొండు తర్వాత నేనొచ్చి నీ దగ్గర పది రోజులున్నాను. నువ్వు నాతో మాట్లాడలేదు. మాట్లాడమని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఫోన్ చేస్తే ఎత్తి ఊరుకుంటున్నావు. నీ ఊపిరి వినపడుతుంది, అది చాలని పెట్టేస్తున్నాను. ఇవాళ మాత్రం రాయక తప్పదు. రాశాక నువ్వు నన్ను చూడనన్నా సరే.

మొన్న మబ్బు విడిపోయింది. మొదటి ఫొటో వచ్చింది. కంప్యూటరులో వేసి పక్కకు తిరిగి కూర్చున్నాను. తిరిగి చూసేసరికి మీ వీధి ఉన్న ఆరు గళ్లూ ఆకుపచ్చగా ఉన్నాయి. గుట్ట జారి పడిన మట్టి మీద ఈ మూడు నెలల్లో ఏదో మొలిచింది. గుట్ట మీద గళ్లు కూడా పచ్చగానే ఉన్నాయి. కిందటేటి కంటే కోలుకున్న విస్తీర్ణం పెరిగినట్టు లెక్క వచ్చింది. పెద్దాయన చూసి, పద్ధతి ప్రకారం వచ్చిందే కదా, అలాగే వేసేయమన్నాడు.

నేను వేయలేదు. వేయనని చెప్పాను. ఉద్యోగం పోతుందేమో, పోనీ. కానీ నేను మానేస్తే పక్క కుర్చీలోవాడు వేస్తాడు. వాడికి ఆ ఆరు గళ్లు ఆరు గళ్లే. వేయకూడదని అనడానికి నా దగ్గర ఆధారం లేదు. నేల మీద తిరిగినవాళ్లు చూసి చెప్పాలి.

నిన్ను ఈ మాట అడగడానికి నాకు సిగ్గుగా ఉంది. నువ్వు తప్ప నాకు ఎవరూ లేరు. ఒక్కసారి అక్కడికి వెళ్లి, అక్కడ ఏముందో చూసి నాకు రాస్తావా?

చిన్నోడు

---

నర్సరీ షెడ్డు
నవంబరు 2

చిన్నోడా,

నాకిప్పుడు ఇల్లు ఈ షెడ్డే. తాళం పగలగొట్టి మా పెద్దామే తీసిచ్చింది. నా పక్కనే పడుకుంటుంది.

నువ్వడిగావు కాబట్టి వెళ్లాను. గుట్ట జారినప్పటి నుంచి అంతవరకూ అటు కాలు పెట్టలేదు. ఇళ్లు లేవు కదా, దేని చోటు ఎక్కడో తెలియలేదు. ఆ చివర కరెంటు స్తంభం పై కొన ఒకటి మిగిలింది. దాని దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ ఒక్కో గుమ్మం ఉండాల్సిన చోట నిలబడ్డాను. మా గుమ్మం దగ్గర కాసేపు ఎక్కువ నిలబడ్డాను. అంతా తుంగ. మోకాళ్ల దాకా పెరిగింది. మొక్క అన్నది ఒక్కటి లేదు. మీ బావ పార రేకు దొరికింది. పిడి లేదు. మనిషి ఇంకా దొరకలేదు. అక్కడే ఎక్కడో ఉన్నాడు.

ఆరోజు పొద్దున తొమ్మిదిన్నరకు నేను ఆఫీసు కిటికీ ముందు వరసలో ఉన్నాను, నిజం లెక్క రాసిన కాగితం చేత్తో పట్టుకుని. అందుకే బతికాను. ఈ సంగతి నీతో అప్పుడు చెప్పలేకపోయాను. చెప్తే నువ్వు హమ్మయ్య అనుకుంటావేమోనని భయం.

కాగితం జత చేశాను. పాత పద్ధతిలోనే, ఖానాలు కూడా అవే గీశాను.

పడమటి గుట్ట. నాటినవి: పదకొండు వేల రెండు వందలు. బతికినవి: లేవు.

గుట్ట కింది వీధి. ఉన్నవాళ్లు: ముప్పై ముగ్గురు. బతికినవాళ్లు: ఇరవై నలుగురు.

మిగిలిన తొమ్మిది మంది ఎవరెవరో, ఏ ఇంట్లోవాళ్లో వెనక వైపు రాశాను. మీ బావది ఆఖరున రాశాను. కింద నా సంతకం ఉంది. బతికినవాళ్లందరినీ వెతుక్కుంటూ వెళ్లి, ఒక్కొక్కరినీ నా కళ్లతో చూసి, అప్పుడు రాశాను.

ఈసారి చూసి రాసుకో చిన్నోడా.

అక్క